తన జబ్బునే పాఠం చెప్పిన టీచరుగారు

మొన్న మంగళవారం పొద్దున్న ల్యాబు తలుపు తీసి, మొదటి పేషెంటు చేతికి రబ్బరు పట్టీ కడుతుండగా ఫోను మోగింది. రక్తం తీయడం అయ్యాక చూశాను. మా టెన్త్ బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో టీచరుగారి పాత ఫోటో, కింద రెండు దీపాలు, ఆ కింద ఒకే వాక్యం: "మన సైన్సు టీచరుగారు క్యాన్సర్‌తో పోరాడి ఓడిపోయారు."

పోతారని తెలుసు. ముందు రోజు సాయంత్రం ఆవిడ మంచం పక్కనే ఉన్నాను. అయినా స్టూలు మీద కూలబడ్డాను. ఆ తర్వాత కోపం వచ్చింది. ఏడుపు కంటే ముందు కోపమే వచ్చింది. "ఓడిపోయారన్న మాట తీసెయ్యండి" అని గ్రూపులో రాశాను. "అందరూ అలాగే రాస్తారు కదే, అందులో తప్పేముంది?" అని ఒక స్నేహితురాలు అడిగింది. రెండు ముక్కల్లో చెప్పగలిగే జవాబు కాదది. అందుకే ఇక్కడ రాస్తున్నాను. ఆవిడ తెలియనివాళ్లూ చదువుతారు కాబట్టి మొదటి నుంచీ చెబుతాను.

యానాం గవర్నమెంటు బడిలో ఎనిమిది నుంచి పది దాకా మాకు సైన్సు చెప్పింది ఆవిడే. కనకాలపేటలో తమ్ముడి కుటుంబంతో కలిసి ఉండేవారు. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని అడిగే ధైర్యం మాకు లేదు, చెప్పాల్సిన అవసరం ఆవిడకూ కనిపించలేదు. గంజి పెట్టిన నూలు చీర, పాత స్కూటీ, సంచిలో ఎప్పుడూ ఒక భూతద్దం. నవ్వితే పెద్దగా నవ్వేవారు, తిడితే అంతకంటే పెద్దగా తిట్టేవారు.

తొమ్మిదో తరగతిలో ఒకసారి పీతకి ఎన్ని కాళ్లని అడిగారు. లేచి నిలబడి ఎనిమిదన్నాను.

"ఎలా తెలుసు?" అన్నారు.

"చదివానండి."

"ఏ పుస్తకంలో ఉందో పట్రా."

అలాంటి పుస్తకమేదీ లేదు. సాయంత్రం మార్కెట్‌కి వెళ్లి లెక్కపెట్టి రమ్మన్నారు. వెళ్లాను. పీతలమ్మే ఆవిడ నవ్వుకుంటూ ఒకదాన్ని తిరగేసి పట్టుకుంది. డెక్కలతో కలిపి పది. మర్నాడు క్లాసులో లేచి పదన్నాను. "ఎవరు చెప్పారు?" అన్నారు. "ఎవరూ చెప్పలేదండి, నేనే చూశాను" అన్నాను. "అయితే ఇప్పుడు కూర్చో" అన్నారు. "చూసి చెప్పు" అనేది ఆవిడ రోజుకి పదిసార్లు అనే మాట. నేను ల్యాబ్ టెక్నీషియన్ కోర్సులో చేరడానికి ఆ పీతే కారణమని ఆవిడతో ఎన్నోసార్లు చెప్పాను. "పీత గొప్పదనం, నాదేం లేదు" అనేవారు.

ఆ మచ్చ ఎప్పుడు మొదలైందో ఆవిడే సరిగ్గా చెప్పలేకపోయారు. ఎడమ చేతికి లోపలివైపు, మోచేతికి పైన, ఎర్రగా, కాస్త పొట్టు లేస్తూ ఉండేది. నడుము పక్కన ఇంకోటి. మందుల షాపులో తామరన్నారు. ఒక డాక్టరు ఎగ్జిమా అన్నారు. ఎవరో పసరు రాయమన్నారు. పూత పూస్తే తగ్గేది, మానేస్తే మళ్లీ తేలేది. ఏళ్లు ఇలాగే గడిచాయి. ఇంకొకరైతే ఒంటికి పడని తిండి మీదో, సబ్బు మీదో నెపం వేసి ఊరుకునేవారు. ఆవిడ మాత్రం మ్యాపులు గీసుకునే పల్చటి కాగితం తెచ్చి, నెలకోసారి మచ్చ మీద పరిచి, పెన్సిలుతో దాని అంచు గీసుకుని, కింద తారీఖు వేసి దాచేవారు. ఒక దాని మీద ఒకటి పెట్టి చూస్తే మచ్చ ఎటు నడుస్తోందో తెలిసేది.

మొదటిసారి చర్మం ముక్క తీసి పరీక్ష చేసినప్పుడు ఏమీ తేలలేదు. కంగారు పడొద్దు, మామూలు ఎగ్జిమాయే కావచ్చన్నారు. ఆవిడ ఆ కాగితాల కట్ట పట్టుకుని విశాఖలో ఒక పెద్ద ఆసుపత్రికి వెళ్లారు. అక్కడి చర్మవ్యాధుల డాక్టరమ్మ ముందు కాగితాలన్నీ పరిచి, "ఎగ్జిమా ఇలా నడుస్తుందా అండీ?" అని అడిగారట. డాక్టరమ్మ వాటిని చాలాసేపు చూసి, మళ్లీ ముక్క తీయించారు. అప్పుడు తేలింది. చర్మపు లింఫోమా.

మన తెల్ల రక్తకణాల్లో టి కణాలని ఒక రకం ఉంటాయి. బయటి నుంచి వచ్చే జబ్బుల మీద కాపలా కాయడం వాటి పని. వాటిలో కొన్ని చెడిపోయి, చర్మంలో చేరి, అదుపు లేకుండా పెరిగితే అది ఈ క్యాన్సర్ అవుతుంది. చాలామందిలో ఏళ్ల తరబడి నెమ్మదిగా నడుస్తుంది. కొందరిలో ముదురుతుంది. ఒకరి నుంచి ఒకరికి అంటుకోదు.

అంటుకోదని నేను చదివాను, పరీక్షలో రాశాను కూడా. అయినా ఆవిడ మొదటిసారి మా ల్యాబుకి వచ్చి చేయి చాపినప్పుడు నేను రెండు జతల గ్లోవ్స్ వేసుకున్నాను. ఈ సంగతి దాచాలనిపించింది కానీ, దాస్తే ఆవిడ గురించి రాసే హక్కు నాకు ఉండదు.

ఆవిడ నా చేతులకేసి చూశారు. "రెండు జతలెందుకే?"

నేను రబ్బరు పట్టీ వెతుకుతున్నట్టు సొరుగు లాగాను.

"పుస్తకంలో ఏముంది?"

"అంటుకోదని ఉందండి."

"మరి?"

"భయమేసిందండి."

"సరే. ఒకటి ఉంచుకో, అది నీ పని. రెండోది తీసెయ్."

తీసేశాను. ఆవిడ వేరే కబుర్లలో పడిపోయారు. మళ్లీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

ఇంట్లోనూ అదే జరిగింది. ఆవిడ తమ్ముడి భార్య, నేను అక్కా అని పిలుస్తాను, చడీ చప్పుడూ లేకుండా ఆవిడకి కంచం, గ్లాసు వేరు చేసింది. టీచరుగారు వారం రోజులు ఏమీ ఎరగనట్టు తిన్నారు. ఎనిమిదో రోజు మధ్యాహ్నం ఆ గ్లాసు ఎదురుగా పెట్టుకుని మరదల్ని పిలిచారు. ఇది నాకు అక్కే చెప్పింది.

"ఇది నాకే ఎందుకు ప్రత్యేకం అమ్మాయ్?"

"పిల్లలున్నారు కదా వదినగారూ..." అని అక్క ఏడ్చేసిందట.

"భయమైతే భయమని చెప్పు. తెలియకపోతే అడుగు. అంతేగాని గ్లాసు మార్చకు. గ్లాసు మారిస్తే నేను జవాబు చెప్పుకోవడానికి లేదు" అన్నారట.

ఆ మధ్యాహ్నమంతా అక్క అడిగింది, ఆవిడ చెప్పారు. సాయంత్రం గ్లాసు మిగతా వాటిలో కలిసిపోయింది.

చికిత్స మొదట కాంతితో. వారానికి రెండు రోజులు బడి అయ్యాక కాకినాడ బస్సెక్కేవారు. నిలువెత్తు అల్మరాలాంటి పెట్టె, లోపల చుట్టూ ట్యూబులైట్లు. నల్ల కళ్లజోడు పెట్టుకుని అందులో నిలబడాలి. బస్సులో సీటు దొరికితే ఒళ్లో పరీక్ష పేపర్లు పెట్టుకుని దిద్దేవారు. కుదుపులకి ఎర్ర సిరా గీత పక్కకి పోతే, దాని పక్కన "బస్సు తప్పు, నీది కాదు" అని రాసేవారు. అలాంటి పేపర్లు ఇప్పటికీ దాచుకున్నవాళ్లున్నారు. రెండు మూడేళ్లు మచ్చలు వెలిసిపోయాయి. ఇక నయమైపోయినట్టేనని మేమనుకున్నాం. ఆవిడ మాత్రం పల్చటి కాగితాలు మానలేదు.

తర్వాత చేతి మీద మచ్చ దళసరి అయింది. దాని మీద గడ్డ లేచింది. ముదురు ఎరుపు, చీర అంచు తగిలినా రక్తం ఊరేది. "ఇంత ఎరుపేంటి, ఇంత రక్తం ఎక్కడిది?" అని డాక్టరమ్మని నిలదీశారు. డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పిందట. రెండో అభిప్రాయం కోసం అడిగి తీసుకున్న రెండు గాజు స్లైడ్లు, మొదట్లో జబ్బు తేల్చిన ముక్కది ఒకటి, గడ్డలోంచి తీసిన ముక్కది ఒకటి, సంచిలో పెట్టుకుని టీచరుగారు నేరుగా మా ల్యాబుకి వచ్చారు.

"మైక్రోస్కోపు ఖాళీయేనా?"

ఒకటి పెట్టాను, చూశారు. రెండోది పెట్టాను, చూశారు. చాలాసేపు తల ఎత్తలేదు. నేను భుజం మీద చేయి వేద్దామా అనుకుంటుండగా లేచి, "ఎంత దొంగబుద్ధే వీటికి!" అన్నారు. కళ్లలో నీళ్లున్నాయి, పళ్లు కరుచుకుని ఉన్నారు. భయమో కోపమో నాకు అర్థం కాలేదు. రెండూ అనుకుంటాను.

బడిలో గొడవ ఆ నెలలోనే మొదలైంది. చేతి కట్టు కనిపించేసరికి పిల్లలు ఇళ్లల్లో చెప్పారు. కుష్టని ఒకరు, ఇంకేదో అని ఒకరు. నలుగురైదుగురు తల్లిదండ్రులు హెడ్‌మాస్టారి గదికి వచ్చి, ఆవిడ క్లాసులో మా పిల్లల్ని కూర్చోబెట్టేది లేదన్నారు. ఆయన మంచివాడే, గొడవంటే భయం. మెడికల్ లీవు పెట్టుకోండి, మీ మంచికే చెబుతున్నానన్నారు.

"అంటుకుంటుందని ఎలా తెలుసండి?" అని టీచరుగారు అడిగారు.

"నేననడం లేదు మేడమ్, వాళ్లంటున్నారు."

"అయితే వాళ్లని పిలవండి. సెలవు కావలసినప్పుడు నేనే కాగితం రాసిస్తాను."

శనివారం మధ్యాహ్నం సైన్సు గదిలో మీటింగు. బడి మైక్రోస్కోపు అద్దం మసకబారిపోయింది, మీది పట్టుకురమ్మని నాకు కబురు పెట్టారు. బల్ల మీద సర్దిపెట్టి ఒక మూల నిలబడ్డాను. గది నిండిపోయింది. కొందరు పిల్లలు కిటికీల దగ్గర మూగారు. టీచరుగారు కట్టు విప్పకుండా, చేతి మీద కొంగు కప్పుకోకుండా బల్ల ముందు నిలబడ్డారు.

"నా ఒంట్లో ఏముందో వారం రోజులుగా నా వెనకాల మాట్లాడుకుంటున్నారు. మీ ముందరే చూపిస్తాను, రండి" అన్నారు.

ఎవరూ కదల్లేదు. మెట్టకూరు నుంచి వచ్చిన రొయ్యల చెరువు రైతు ఒకాయన, "మేం సూత్తే మాకేటి తెలుత్తాదండి?" అన్నాడు.

"రొయ్యకి జబ్బొస్తే మీరు చూసి చెప్పరా? ఇదీ అంతే. రండి."

ఆయన వచ్చి కన్ను ఆనించాడు.

"ఏం కనపడుతోంది?"

"గులాబీ రంగండి. నీలం సుక్కలున్నాయి."

"ఆ చుక్కలే చెడిపోయిన కణాలు. మధ్యలో చిన్న చిన్న ఉంగరాల్లాంటివి ఉన్నాయా?"

"ఆయ్, ఒకటో రెండో ఉన్నాయండి."

"అవి రక్తనాళాలు. అడ్డంగా కోస్తే ఉంగరంలా కనపడతాయి. అది మొదట్లోది. ఇప్పుడు రెండోది చూడండి."

నేను స్లైడు మార్చాను. ఆయన చూసి, తల ఎత్తి ఆవిడ మొహం చూసి, మళ్లీ వంగాడు. "అబ్బో! ఎక్కడ సూసినా ఉంగరాలేనండి. ఎవరు పెట్టారియ్యన్నీ?"

"అదీ ప్రశ్న!" అన్నారు టీచరుగారు. పదో తరగతి క్లాసులో ఉన్నట్టే సుద్దముక్క అందుకున్నారు. "కణం బతకాలంటే తిండి కావాలి, గాలి కావాలి. రెండూ రక్తమే తేవాలి. గుంపు చిన్నగా ఉన్నంతకాలం ఉన్న నాళాలు సరిపోతాయి. పెరిగితే చాలవు. అప్పుడు ఈ కణాలు కొన్ని ప్రోటీన్లు తయారుచేసి చుట్టూ వదులుతాయి. దగ్గర్లో ఉన్న రక్తనాళం గోడకి అవి తగిలితే, దెబ్బ తగిలినచోట గాయం మాన్పడానికి కొత్త నాళాలు వేస్తుంది చూడండి, అలాగే ఇక్కడా కొమ్మ వేస్తుంది. గాయం మానితే ఆ పని ఆగిపోవాలి. ఇవి ఆగనివ్వవు. పక్కన ఉన్న మంచి కణాల్ని కూడా మాయచేసి అదే పని చేయిస్తాయి. నాళాలు పెరిగేకొద్దీ గడ్డ పెరుగుతుంది. ఆ నాళాల్లోంచే కొన్ని కణాలు వేరేచోటికి పోవడానికీ దారి దొరుకుతుంది. జబ్బు ముదరడమంటే ఇదే."

చేపలమ్ముకునే ఒకావిడ, ఎనిమిదో తరగతి పిల్ల తల్లి, నెమ్మదిగా అడిగింది. "అయితే మీ రగతం పెట్టి మీరే మేపుతున్నారాండి టీచరుగారూ?"

"నన్ను అడగలేదు కదమ్మా! అడిగితే పెట్టేదాన్నా?"

ఒక్కసారిగా నవ్వులు లేచాయి. ఆవిడే అందరికంటే పెద్దగా నవ్వారు.

"ఇది నా ఒంట్లో పుట్టిన కణం. పురుగు కాదు, బూజు కాదు. మీ ఒంటికి తగిలినా అక్కడ బతకలేదు. మీ కాపలా కణాలే పరాయిదని పట్టుకుంటాయి."

కిటికీ దగ్గర నుంచి తొమ్మిదో తరగతి అమ్మాయి చేయి ఎత్తింది. "టీచర్, ఆ ప్రోటీన్లని ఆపేస్తే? నాళాలు రావు కదా?"

టీచరుగారి మొహం వెలిగిపోయింది. "లోపలికి రా. వచ్చి బోర్డు మీద రాయి ఆ ప్రశ్న." ఆ పిల్ల వచ్చి రాసింది. "పెద్ద పెద్ద సైంటిస్టులు ఈ ప్రశ్న మీదే కూర్చున్నారు. కొన్ని క్యాన్సర్లకి అలాంటి మందులొచ్చాయి. నా జబ్బు సంగతి ఇంకా తేలలేదు. తేల్చేవాళ్లు కావాలి, చదువుకోండి."

అప్పుడు ఎవరో వెనక నుంచి, "అంతా బాగానే ఉందండి, మరి ముట్టుకుంటే?" అన్నారు.

టీచరుగారు చేయి చాపారు. "ముట్టుకుని చూడండి. గడ్డ మీద కాదు, నొప్పి. పక్కన."

ఎవరూ రాకపోయేసరికి నేనే ఒక అడుగు ముందుకు వేశాను, ఆవిడ కళ్లతోనే వద్దన్నారు. నేను ముట్టుకుంటే లెక్కలోకి రాదు. చేపలావిడ కొంగుకి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "నాయి సేపల సేతులండి, పర్లేదా?" అంటూనే కట్టు పక్కన అరచేయి ఆనించింది. "ఎచ్చగా ఉందండి!" అంది ఆశ్చర్యంగా.

"రక్తం ఎక్కువ కదమ్మా. వెచ్చగానే ఉంటుంది."

తర్వాత రొయ్యల రైతు, ఆ తర్వాత ఇంకొందరు. అందరూ అనను. ఇద్దరు గుమ్మం దగ్గర నుంచే వెళ్లిపోయారు. ఒకమ్మాయిని వేరే బడికి మార్చారు. టీచరుగారు ఆ పిల్ల రికార్డు పుస్తకం దిద్ది, మంచి మార్కులు వేసి ఇంటికి పంపారు. సోమవారం పొద్దున్న మొదటి పీరియడు ఆవిడదే.

ఇందులో ఓటమి ఎక్కడుందో ఎవరైనా చూపిస్తే వింటాను.

మరుసటి ఏడాది గడ్డలు పెరిగాయి. రేడియేషను ఇచ్చారు, మాత్రలు మార్చారు. ఒక గడ్డ తీసినప్పుడు, అందులో కొంత ముక్క పరిశోధనకి ఇస్తారా అని డాక్టరమ్మ అడిగింది. ఆవిడతో నేను వెళ్లిన రోజది. తెలుగులో ఉన్న అంగీకార పత్రం చేతికిచ్చింది. టీచరుగారు కళ్లజోడు సవరించుకుని మొదటి నుంచి చివరి దాకా చదివారు. సంచిలోంచి ఎర్ర పెన్ను తీశారు. "పరిశోధన"లో ధకి వత్తు లేదు, పెట్టారు. "ఇష్టపూర్వకంగా" అన్నది రెండు ముక్కలుగా విరిగి ఉంటే కలిపారు. అర్థంకాని వాక్యం ఒకదాన్ని కొట్టేసి పైన తిరగరాశారు. అప్పుడు నీలం పెన్నుతో సంతకం చేశారు.

డాక్టరమ్మ నవ్వాపుకోలేకపోయింది. "ఇంకో ఫారం తెమ్మంటారా మేడమ్?"

"వద్దు, ఇదే ఉంచండి. తర్వాత వచ్చేవాళ్లకి అర్థమవుతుంది." మళ్లీ అన్నారు, "నన్నడక్కుండా నా రక్తం తాగి పెరిగాయి. ఊరికే వదులుతానా? వాటి చేత పని చేయిస్తాను. మీకేం తెలిసినా నాకు చెప్పాలి. నేను లేకపోతే మా బడికి ఉత్తరం రాయండి. పిల్లలు చదువుకుంటారు."

ఆవిడకి భయం లేదని రాస్తే అబద్ధం. చివరి నెలల్లో రోజూ పొద్దున్న ల్యాబుకి వెళ్లేముందు కట్టు మార్చడానికి కనకాలపేట వెళ్లేదాన్ని. లింఫు గ్రంథులకి కూడా పాకింది అప్పటికి. ఒకరోజు గాజుగుడ్డ తడిపి తీస్తుంటే నా మణికట్టు పట్టుకున్నారు.

"చాలా నొప్పిగా ఉందే. భయంగా కూడా ఉంది."

"నాక్కూడానండి" అన్నాను.

"సరే. అయితే ఇద్దరం ఉన్నాం" అన్నారు. అలాగే పట్టుకుని కాసేపు పడుకున్నారు. తర్వాత, "కానీయ్, పని చూడు" అన్నారు.

నడవలేని రోజు వచ్చాక బడి మానేశారు. పిల్లలే ఇంటికి రావడం మొదలుపెట్టారు. మంచం మీద వెనక్కి ఆనుకుని పాఠం చెప్పేవారు. గొంతు తగ్గింది, తిట్లు తగ్గలేదు. సోమవారం సాయంత్రం నేను బయల్దేరుతుంటే, ఎనిమిదో తరగతి వాళ్ల పేపర్లు రెండు దిద్దలేదని, హెడ్‌మాస్టారికి చెప్పమని చెప్పారు. మంగళవారం తెల్లవారేసరికి నిద్రలోనే వెళ్లిపోయారు.

దహనం అయిన మూడో రోజు నేను మళ్లీ ఆ ఇంటికి వెళ్లాను. గుమ్మంలో ఇద్దరు ముగ్గురు ఇరుగుపొరుగు ఆడవాళ్లు అక్కతో మాట్లాడుతున్నారు. టీచరుగారి పరుపు, దుప్పట్లు, బట్టలు, ఆవిడ వాడినవన్నీ తీసుకెళ్లి తగలబెట్టించెయ్యమని చెబుతున్నారు. మంచి మాటే చెబుతున్నామని వాళ్ల నమ్మకం.

అక్క తలుపుకి అడ్డంగా నిలబడి ఉంది. "ఎందుకు తగలబెట్టాలి?" అంది.

"ఎందుకేంటే? అలాంటి జబ్బుతో పోయినప్పుడు..."

"అది అంటుకునే జబ్బు కాదు పిన్నిగారూ. మీకు తెలియకపోతే అడగండి, కూర్చుని చెబుతాను. ఉతికేశాను అన్నీ."

నన్ను చూసి లోపలికి రమ్మంది. ఇంటి వెనక్కి తీసుకెళ్లింది. గాజుగుడ్డ పైన చుట్టడానికి టీచరుగారి పాత నూలు చీరలు చింపి పట్టీలు చేసుకున్నాం ఆ ఏడాదంతా. వాటినన్నిటినీ అక్క మరిగే నీళ్లలో వేసి ఉతికింది. కాకినాడలో ఆవిడతో పాటు కాంతి పెట్టెకి వచ్చే ఒక ముసలాయనకి ఇస్తుందట, ఆయనకీ కట్టు కట్టాల్సి వస్తోందట. పెరట్లో ఈ కొస నుంచి ఆ కొసకి నాలుగు తీగలు కట్టి ఉన్నాయి. వాటి నిండా పట్టీలే. నీలం, చిలకాకుపచ్చ, వంకాయరంగు, గళ్లవి, అంచు మిగిలినవి, వెలిసిపోయినవి. గోదావరి మీంచి గాలి గట్టిగా వస్తోంది. అన్నీ ఒకేవైపు లేచి, టపటపా కొట్టుకుంటూ, ఎండలో ఆరుతున్నాయి.